చారిత్రక నవలలు – మన పల్నాడు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "బి.పి., షుగరు, డి.ఆర్. బకాయిలు, ఈ మూడూ తప్ప దేని గురించైనా ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. ఆ మూడూ తీసేస్తే మన దగ్గర ఇంకేం మిగిలిందా అని ఆలోచించాను. చదువుకున్న నవలలు మిగిలాయి. అందులోనూ రాజులు, రాణులు, కోటలు, ప్రేమలు ఉన్న చారిత్రక నవలలు. వాటి గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. నేను పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. కాబట్టి గుమాస్తా చెప్పే తీరులోనే చెబుతాను. పెద్దలు మన్నించాలి.

మన తరంవాళ్ళకు ఈ నవలలు ఎలా దొరికేవో గుర్తుచేసుకోండి. కొన్ని బ్రాంచి లైబ్రరీలో, కొన్ని అద్దె పుస్తకాల కొట్టులో. కొన్ని వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి. వారం వారం ఆ కాగితాలు చించి, దబ్బనంతో పొడిచి, ఫైలు ట్యాగుతో కట్టి దాచుకున్నవాళ్ళు ఈ సభలోనే పదిమందైనా ఉంటారు. లైబ్రరీ ప్రతికి చివరి పేజీలు ఉండేవి కావు. రాజకుమారికి పెళ్ళయిందో లేదో తెలియాలంటే ఇంకో ఊరి లైబ్రరీకి బస్సెక్కాల్సి వచ్చేది.

ఈ రకం నవల మనకు బయటినుంచి వచ్చిందే. వాల్టర్ స్కాట్ "వేవర్లీ" 1814లో వచ్చింది. బంకించంద్రుడి "దుర్గేశనందిని" 1865లో వచ్చింది. ఆ గాలి మనవైపూ వీచింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతోపాటు నవలలను కూడా ప్రోత్సహించింది. తర్వాత విశ్వనాథ సత్యనారాయణగారు మధుర నాయకుల కాలం తీసుకుని "ఏకవీర" రాశారు. అడివి బాపిరాజుగారు "హిమబిందు", "అడవి శాంతిశ్రీ", "గోన గన్నారెడ్డి" రాశారు. రేపల్లెలో ప్లీడరీ చేసిన నోరి నరసింహశాస్త్రిగారు "నారాయణభట్టు", "రుద్రమదేవి", "మల్లారెడ్డి" రాశారు. తెన్నేటి సూరిగారు "చెంఘిజ్ ఖాన్", మల్లాది వసుంధరగారు "తంజావూరి పతనము" రాశారు. తర్వాత ముదిగొండ శివప్రసాద్‌గారు ఆ దారిలో ఎన్నో నవలలు రాశారు. ఈ జాబితా ఇంకా పెద్దది. నేను చదివినవాటిలో, మన పల్నాటి గడ్డకు దగ్గరగా వచ్చే రెండు మూడింటిని మాత్రం తీసుకుంటాను.

ముందుగా ఒక పద్ధతి చెబుతాను. మన ఆఫీసుల్లో ప్రతి ఫైలుకూ రెండు భాగాలుండేవి. ఒకటి కరెంటు ఫైలు. వచ్చిన అర్జీ, రిపోర్టు, పంచనామా, మ్యాపు అందులో ఉంటాయి. రెండోది నోట్ ఫైలు. ఆ కాగితాలు చదివి మనం రాసే నోటు అందులో ఉంటుంది. నోటు ఎంత బాగా రాసినా అది కాగితం కాదు. కాగితం ఎంత బలమైనదైనా నోటు లేకపోతే ఆఫీసరుకు అర్థం కాదు. చారిత్రక నవల అనేది, నా దృష్టిలో, చాలా పలచని కరెంటు ఫైలు మీద రాసిన చాలా అందమైన నోటు. ఈ తేడా గుర్తుపెట్టుకుని చదివితే దానంత సుఖం లేదు. తేడా మరచిపోతే దానంత తగాదా లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక దృష్టాంతాలు.

మొదటిది "అడవి శాంతిశ్రీ". మన మాచర్లకు దగ్గర్లో, కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండ లోయలో, మూడో నాలుగో శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆ శిథిలాల సంగతి 1926లో బయటపడింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొరగారు తవ్వించారు. అక్కడి స్తంభాల మీద ప్రాకృత భాషలో శాసనాలున్నాయి. ఎక్కువగా రాజవంశపు స్త్రీలు చేసిన దానాల లెక్కలవి. చాంతమూల మహారాజు చెల్లెలు చాంతిశ్రీ మహాచైత్యాన్ని నిలబెట్టించింది. ఆ మహారాజు కూతురి పేరు అడవి చాంతిశ్రీ. ఆమెను ధనక వంశానికి చెందిన ఒక మహాసేనాపతికి ఇచ్చారని శాసనం చెబుతుంది. ఆమె గురించి కరెంటు ఫైలులో ఉన్నది దాదాపు అంతే. ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య, ఫలానా స్తంభం ఇచ్చింది.

మన సర్వీసులో ఇలాంటి పేర్లు ఎన్ని చూడలేదు? అడంగల్లో ఒక వరస. "ఫలానా భార్య ఫలానా, ఎకరం పదిసెంట్లు." ఆమె నవ్విందో ఏడ్చిందో అడంగలు చెప్పదు. బాపిరాజుగారు ఆ ఒక్క వరసను చూసి, ఆ పిల్లకు ఒక మనసుంటుంది కదా అనుకుని ఒక నవల నిండా రాశారు. ఆయన చిత్రకారుడు కూడా. అందుకే ఆ పుస్తకంలో చీరెల అంచులు, నగల చెక్కడాలు, కృష్ణ నీటి రంగు కంటికి కడతాయి. ఆయన ఇంటిపేరు అడివి, ఆ రాజకుమారి పేరు ముందు అడవి. ఆ మాట చూసి ఆయన ఒకసారి నవ్వుకునే ఉంటారని నా ఊహ. చూశారా, నేను కూడా నోటు రాయడం మొదలుపెట్టాను!

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ముంపు రాకముందే లోయంతా తవ్వాలని 1954 నుంచి 1960 దాకా పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ తరలించి మళ్ళీ కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ నీటితో మన పొలాలు పచ్చబడ్డాయి. జొన్నకూడు తిన్న పల్నాడు వరి అన్నం తిన్నది. శ్రీనాథుడు చాటువుల్లో మన జొన్నల్ని ఎంతగా ఎగతాళి చేశాడో మీకు తెలుసు. ఆయన ఈనాడు వస్తే ఏమనేవాడో! కాని ఆ నీటి కిందనే విజయపురి వీధులున్నాయి. శాంతిశ్రీ నడిచిన నేల ఇప్పుడు చేపలు తిరిగే చోటు. ఆ వీధుల్లో నడవాలంటే మనకు ఇక మిగిలిన దారులు రెండే. ఒకటి కొండమీది మ్యూజియం, రెండోది బాపిరాజుగారి నవల. మ్యూజియం రాళ్ళను చూపిస్తుంది. నవల ఆ రాళ్ళ మధ్య మనుషుల్ని తిప్పుతుంది. రెండూ కావాలి.

రెండో దృష్టాంతం రుద్రమదేవి. ఆమె మీద నోరివారు ఒక నవల రాశారు. బాపిరాజుగారి "గోన గన్నారెడ్డి" కూడా ఆమె కాలం కథే. ఓరుగల్లు దూరం కదా, మనకేమిటి సంబంధం అనుకోకండి. మన దుర్గిలో 1269 నాటి శాసనం ఒకటుంది. జన్నిగదేవుడనే అధికారి వేయించినది. అందులో రుద్రమదేవిని పట్టోద్ధతి అన్నారు. పట్టానికి ఎంపికైంది గాని పట్టాభిషేకం ఇంకా కాలేదని చరిత్రకారులు దానికి అర్థం చెప్పారు. మన భాషలో చెప్పాలంటే పోస్టింగు ఆర్డరు వచ్చింది, చార్జి ఇంకా తీసుకోలేదు. ఆమె చనిపోయిన సంగతి నల్లగొండ వైపు చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం వల్ల తెలిసింది. ఆ శాసనం వేయించినవాడు ఒక సామాన్యమైన ఉద్యోగి. మహారాణి పుణ్యం కోసం కొంత భూమి దానం చేసి, రాయి మీద చెక్కించాడు. పెద్ద పెద్ద కావ్యాలు చెప్పని తేదీని ఒక చిన్న ఉద్యోగి చెక్కించిన రాయి చెప్పింది. ఉద్యోగులమైన మనం ఇది గర్వంగా తలచుకోవచ్చు.

అయితే 2015లో "రుద్రమదేవి" సినిమా వచ్చాక మా వీధి పిల్లలందరికీ గన్నారెడ్డే ఎక్కువ గుర్తు. దొంగ వేషంలో తిరిగే ఆ వీరుడు నవలాకారుడి కల్పనలో పెరిగినవాడు. శాసనాల్లో గోన వంశం ఉంది, గన్నారెడ్డి ఉన్నాడు. కాని గుర్రమెక్కి, మాటలతో మురిపించి, అన్నాంబికను ప్రేమించిన గన్నారెడ్డి నోట్ ఫైలులోవాడు. ఉంటే తప్పేమిటి? తప్పులేదు. పిల్లవాడు గన్నారెడ్డిని ఇష్టపడి దుర్గి దాకా వచ్చి శాసనం చూస్తే ఆ నోటు తన పని చేసినట్టే. వచ్చినవాడికి దుర్గిలో రాతిశిల్పులు కూడా కనబడతారు. "హిమబిందు" కథానాయకుడు సువర్ణశ్రీ శిల్పి అని చదివినవాడికి, ఈనాటికీ ఉలి పట్టినవాళ్ళు మన మండలాల్లోనే ఉన్నారని తెలిస్తే ఆ సంతోషం వేరు.

మూడో దృష్టాంతం కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. అది పల్నాటి యుద్ధం.

ఆ కథ మనకు పాలతో తాగించిందే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వలస, అలరాజు హత్య, చివరికి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. ఏటా కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆ పేర్లు ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. వీరవిద్యావంతులు ఆ కథ పాడుతుంటే ముసలివాళ్ళ ఒళ్ళు కూడా పులకరిస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1926లో "నాయకురాలు" నాటకం రాశారు. 1947లో ఒక సినిమా, 1966లో రామారావుగారు బ్రహ్మనాయుడుగా, భానుమతిగారు నాగమ్మగా ఇంకో సినిమా వచ్చాయి.

మరి దీనికి కరెంటు ఫైలు ఎంత? యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దిలో. శ్రీనాథుడు ద్విపదలో రాసింది రెండు వందల ఏళ్ళ పైచిలుకు గడిచాక. దాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి అచ్చువేసింది 1911లో. అంటే మనం కాగితం అనుకుంటున్నది కూడా ఒక మహాకవి రాసిన నోటే. అది తక్కువది అనడం లేదు. గుండెకు అదే ఎక్కువ. కాని తీర్పు చెప్పడానికి మాత్రం చాలదు.

తీర్పు చెప్పబోతే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళి భోజనాల దగ్గర మన పెన్షనర్లే ఇద్దరు, పేర్లు వద్దు, నాగమ్మ గురించి మాట మాట అనుకున్నారు. ఒకాయన "ఆవిడవల్లే కదయ్యా ఊళ్ళు బుగ్గయింది" అన్నారు. రెండో ఆయన "ఆడమనిషి మంత్రాంగం చేస్తే ఓర్చుకోలేక అన్న మాటలవి" అన్నారు. ఆధారం ఏమిటంటే ఒకాయన సినిమా చూపించారు, ఒకాయన తాను చదివిన పుస్తకం చూపించారు. తర్వాత మాట నాగమ్మను దాటి, మీవాళ్ళు మావాళ్ళు అనేదాకా వెళ్ళింది. పెరుగన్నం కలపకుండానే ఇద్దరూ విస్తళ్ళ ముందునుంచి లేచారు. ముప్పయ్యేళ్ళు పక్క పక్క సీట్లలో పనిచేసినవాళ్ళు. ఒకరి బిడ్డ పెళ్ళికి ఇంకొకరు జి.పి.ఎఫ్. లోను పెట్టి ఇచ్చినవాళ్ళు. ఆ తర్వాత మాటల్లేవు. ట్రెజరీ దగ్గర ఎదురుపడితే తలలు తిప్పుకునేవాళ్ళు. ఈమధ్య అందులో ఒకాయన కాలం చేశారు. రెండో ఆయన వెళ్ళారు. పాడె మోశారు కూడా. కాని ఆయన నాతో అన్న మాట ఒకటుంది: "ఎనిమిది వందల ఏళ్ళ నాటి గొడవకు నా చివరి నాలుగేళ్ళ స్నేహం పోగొట్టుకున్నానురా." ఆ మాట నాకు రోజూ వినబడుతుంది.

ఇప్పుడు ఫోన్లలో ఇది మరీ ఎక్కువైంది. ఏదో నవలలోని ముక్క, ఏదో సినిమాలోని బొమ్మ తెచ్చి, "ఇదీ మన అసలు చరిత్ర, పదిమందికి పంపండి" అంటారు. మనం కళ్ళజోడు సవరించుకుని పంపిస్తాం. సర్వీసులో ఉన్నప్పుడు సంతకం లేని అర్జీ మీద చర్య తీసుకున్నామా? లేదు కదా. మరి రిటైరయ్యాక ఎందుకు తీసుకోవాలి? పంపే ముందు ఒక్కసారి అడగండి: ఇది కరెంటు ఫైలా, నోట్ ఫైలా?

అయితే ఆ నవలలు, ఆ కథలు చదవడం మానేద్దామా? వద్దు. ఇంకో తీరున చదువుదాం. ఎవరు ఒప్పు ఎవరు తప్పు అని కాకుండా, ఎవరికి ఎలా ఉండి ఉంటుంది అని చదువుదాం. నవల చేయగలిగింది అదే, శాసనం చేయలేనిదీ అదే.

ఇందులో మా ఇంటావిడ నాకంటే తెలివైనది. ఒకరోజు బాలచంద్రుడి ఘట్టం చదివి వినిపిస్తున్నాను. బొంగరాలాటలో మాట పడి యుద్ధానికి బయల్దేరడం, తల్లి ఐతమ్మ దగ్గరికి పోవడం, భార్య మాంచాల దగ్గరికి పోవడం. నేను రాగం తీసి, బాలచంద్రుడి వీరత్వం దగ్గర గొంతు పెంచాను. ఆవిడ కందిపప్పు చెరుగుతూ, "ఏమండీ, ఆ పిల్లకు ఎన్నేళ్ళుంటాయి?" అంది. "ఎవరికి?" అన్నాను. "మాంచాలకు. మొగుడు గడప దాటాక ఆ పిల్ల ఆ రాత్రంతా ఏం చేసిందో మీ పుస్తకంలో ఉందా?" అంది. లేదన్నాను. "అయితే అది ఎవరైనా రాయాలి" అని చాట పక్కన పెట్టింది.

ఇరవై ఏళ్ళప్పుడు మనం గుర్రం మీద ఉన్నవాడి కోసం చదివాం. డెబ్బై దాటాక గడపలో నిలబడ్డవాళ్ళ కోసం చదువుతున్నాం. పుస్తకం అదే. మన ఇళ్ళనుంచి కూడా ఇప్పుడు పిల్లలు వెళ్ళిపోయారు కనుక, ఐతమ్మ మాట మనకు ఇప్పుడు అర్థమవుతుంది. "ఏకవీర"లో ఒకరిని మనసులో పెట్టుకుని ఇంకొకరితో కాపురం చేసినవాళ్ళ బాధ కూడా ఈ వయసులోనే పూర్తిగా అందుతుంది. అందుకే, చదివేశాంలే అని పక్కన పెట్టిన పుస్తకాలను మళ్ళీ తీయమంటున్నాను.

ఇక చేయదగిన పనులు మూడు మనవి చేసి ముగిస్తాను.

ఒకటి. ఇంట్లో ఉన్న పాత నవలల్ని తూకానికి వేయకండి. మన భాషలో, వాటిని ఎల్.డిస్. చేసి ఏడాదికి చించిపారేయకండి. ఆర్.డిస్. చేసి శాశ్వతంగా ఉంచండి. ఇంట్లో చోటు లేకపోతే దగ్గర్లోని లైబ్రరీకో, స్కూలుకో ఇవ్వండి. ఇచ్చేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి!

రెండు. మనవళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చు, వినడం వచ్చు. "హిమబిందు"లో ఎద్దుబండ్ల పందెం చదివి వినిపిస్తే, మన తిరనాళ్ళలో బండలాగుడు పందేలు చూసిన పిల్లవాడు కదలకుండా కూర్చుంటాడు. మా మనవడు అమెరికాలో ఉన్నాడు. ఆదివారం ఫోనులో పావుగంట చదువుతాను. "తాతయ్యా, ఇది నిజంగా జరిగిందా?" అని అడుగుతాడు. "ఊరు నిజం, పందెం కథ" అని చెబుతాను. ఆ తేడా పిల్లవాడికి ఇప్పుడే తెలిస్తే, పెద్దయ్యాక ఏ పెళ్ళి భోజనంలోనూ విస్తరి ముందునుంచి లేవడు.

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. శాంతిశ్రీకి ఒక్క వరస మిగిలింది కనుక ఒక నవల పుట్టింది. ఆ వరస కూడా లేకపోతే? సాగర్ ముంపులో పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళు పోయాయి. అక్కడినుంచి సామాను బండ్ల మీద వేసుకుని వచ్చినవాళ్ళ పిల్లలు ఈనాడు మన మధ్య పెన్షనర్లు. ఆ రోజు పొయ్యి రాళ్ళు కూడా తెచ్చుకున్నారా, గుడిలో దేవుణ్ణి ఎవరు ఎత్తుకొచ్చారు, పశువులు కొత్త ఊళ్ళో ఎన్ని రోజులు మేత ముట్టలేదు, ఇవి ఏ రికార్డు రూములోనూ ఉండవు. మీ అమ్మానాన్నల నోట విన్నది ఉన్నదున్నట్టు రెండు కాగితాల మీద రాసి, తేదీ వేసి, కింద సంతకం చేయండి. అలంకారాలు వద్దు. మనకు నోటు రాయడం జీవితమంతా అలవాటే. ఈసారి కరెంటు ఫైలు రాద్దాం. మన సంఘం పత్రిక వాటిని అచ్చువేస్తుందని సంపాదకులు మాట ఇచ్చారు. రేపు ఏ బాపిరాజుగారి వంటి వాడో, ఏ వసుంధరగారి వంటి ఆవిడో వచ్చి, ఆ రెండు కాగితాల మీద మూడు వందల పేజీలు రాసుకుంటారు. ఆ పని వాళ్ళది. కాగితం అందించే పని మనది.

 భోజనాలు సిద్ధమయ్యాయని అంటున్నారు. పెరుగన్నం దాకా అందరూ కూర్చోవాలని నా ప్రార్థన. సెలవు.